పోగొట్టుకున్నవాళ్ళ సాక్ష్యం

(యెర్రగుంట్ల పేరయ్యగారి స్మరణలో చేసిన ఉపన్యాసం)



మన సంఘాల్లో ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలకు కొంత సమయం ఇస్తారు. ఒకరు లేచి కొడుక్కి ఉద్యోగం వచ్చిందని చెబుతారు. ఇంకొకరు ఏళ్ళ తరబడి కదలని వీసా కదిలిందంటారు. ఆపరేషన్ తప్పదన్న జబ్బు మందులతోనే నయమైందని మరొకరు కళ్ళు తుడుచుకుంటూ చెబుతారు. అందరం స్తోత్రం అంటాం. వాళ్ళ సంతోషంలో నాకూ పాలుంది. కానీ, నమ్ముకున్నందుకు నా పని పోయింది, నా వాళ్ళు నన్ను వదిలేశారు, అయినా ఇక్కడే ఉన్నాను అని లేచి చెప్పేవాళ్ళు కనబడరు. అలాంటివాళ్ళు లేక కాదు. ఆ మాట చెప్పుకోవడానికి మన ఆరాధనలో చోటు లేకుండా పోయింది. పేరయ్యగారి స్మరణలో మాట్లాడమని పిలిచినప్పుడు, ఈ సాయంత్రమైనా ఆ చోటు ఇవ్వాలనుకున్నాను.

పేరయ్యగారు ఎవరో ఈ సభలో చాలామందికి తెలుసు. తెలియని పిల్లల కోసం నాలుగు మాటలు చెబుతాను. మాదిగ కులంలో పుట్టారు. తోళ్ళ బేరం మీద ఊళ్ళు తిరిగేవారు. క్రీస్తు పేరు వినక ముందే దేవుణ్ణి వెతుక్కుంటున్న మనిషి. యోగమార్గం బోధించే గురువుల దగ్గర కూర్చున్నారు. ఆయన మాట వినేవాళ్ళు ఆయనకూ ఉండేవారు. ఇది మరచిపోకూడని సంగతి. ఖాళీ కుండలో ఎవరో దొర వచ్చి నీళ్ళు పోసినట్టు మన చరిత్ర చెప్పుకునే అలవాటు మనకుంది. పేరయ్యగారు ఖాళీగా లేరు. ఉన్నదాన్ని పక్కన పెట్టి, తనను గురువుగా చూసినవాళ్ళ ముందు మళ్ళీ శిష్యుడిగా నిలబడ్డారు. ఆయన మొట్టమొదట పోగొట్టుకున్నది బహుశా ఆ పెద్దరికమే.

1866లో అమెరికన్ మిషనరీ జ్యూయెట్ దొర చేతి మీదుగా ఆయనా ఆయన భార్యా బాప్తిస్మం పొందారు. అదే ఏడు ఆ మిషన్‌కే చెందిన క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే పేరయ్యగారి పిలుపు మీద క్లౌ దొర తాళ్లకొండపాడు వెళ్ళి చింతతోపులో డేరా వేశారు. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం అన్నం మూటలు కట్టుకుని వచ్చారు. బాప్తిస్మం తర్వాత కట్టుకోవడానికి మారుబట్టలు కూడా తెచ్చుకున్నారు. అక్కడ 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మారుబట్టలు తెచ్చుకున్నారన్న ఆ చిన్న వివరం నా మనసులోంచి పోదు. వాళ్ళు ఉద్రేకంలో నీళ్ళలోకి దిగినవాళ్ళు కారు. గడప దాటేటప్పుడే తేల్చుకుని బయలుదేరారు. దొర డేరా వేయడానికి ఎంతో ముందు నుంచే పేరయ్యగారు వాళ్ళ మధ్య తిరిగి, కూర్చోబెట్టి చెప్పారు.

అవే రోజుల్లో ఒంగోలులో దొర నడిపే బడిలో బ్రాహ్మణులు, ఇతర అగ్రకులాలవాళ్ళు తమ పిల్లల్ని చదివిస్తున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని చెప్పారు. చెప్పినట్టే మానేశారు. దొరా దొరసానీ విడివిడిగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం ఎదురైందని, దాంతో వాళ్ళ మనసు కుదుటపడిందని మిషన్ చరిత్ర చెబుతుంది. ఈ కథ మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. దొర బడిని పోగొట్టుకున్న మాట నిజమే. ఆయన నిలబడిన తీరును నేను గౌరవిస్తాను. అయితే చింతతోపు నుంచి పల్లెలకు తిరిగి వెళ్ళిన ఆ 28 మంది ఏం పోగొట్టుకున్నారో చెప్పే కథ మనకు ఇంత కంఠస్థంగా రాదు.

బాప్తిస్మం అడిగినవాళ్ళకు మూడు షరతులు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. అమెరికా నుంచి వచ్చిన మనిషికి ఇవి మామూలు నియమాలే. మాదిగపల్లెలో ఒక్కొక్కటీ పొయ్యి మీదికి వచ్చేదే.

ఊరికీ పల్లెకూ మధ్య అప్పుడున్న లెక్క ఇది. ఊళ్ళో గొడ్డు చస్తే మాదిగ వచ్చి లాక్కుపోవాలి. తోలు ఒలిచి, లందలో ఊరవేసి, ఆరబెట్టి, చెప్పులు కుట్టాలి, ఎద్దుల మెడపట్టెడలు కుట్టాలి, మోటబావికి తోలు బొక్కెన కుట్టాలి. బొక్కెన చినిగితే ఉన్నపళంగా వెళ్ళి అతుకు వేయాలి, లేకపోతే ఆ పూట మడికి తడి లేదు. దీనికి చేతికి డబ్బు రాదు. కళ్ళం ఎత్తే రోజున మేర కింద కొన్ని గింజలు కొలుస్తారు. చచ్చిన గొడ్డు మాంసం కూడా ఆ లెక్కలోదే. దాన్ని సన్నగా కోసి, ఎండబెట్టి, దాచుకుంటారు. పనులు లేని నెలల్లో పిల్లలు అది తిని బతుకుతారు. ఆ మాంసాన్నే చూపించి వాళ్ళను అంటరానివాళ్ళన్నారు. ఇంకొకటి తినే దారి మాత్రం ఎవరూ చూపలేదు.

ఇప్పుడు ఆ పల్లెలో ఒక ఇల్లు మేం ఇక ఆ మాంసం ముట్టమంది. ఊరికి ఇది శుభ్రతలా కనబడలేదు, ధిక్కారంలా కనబడింది. ఈ రోజు మాంసం వద్దన్నవాడు రేపు గొడ్డును లాగడానికి రాడు. గొడ్డును లాగకపోతే తోలు లేదు, తోలు లేకపోతే మోట లేదు. ఇక ఆదివారం సంగతి. పంట మీద ఉన్న రైతుకు వారంతో పని లేదు. మబ్బు పట్టిందంటే ఆ క్షణాన మనుషులు కావాలి. పిలిస్తే రానివాడికి మేర ఎందుకు కొలవాలని రైతు అడిగాడు. అతని వైపు నుంచి చూస్తే అదీ ఒక న్యాయమే. తరతరాలుగా ఒకడి కడుపు మీద కాలుపెట్టి నడిచిన న్యాయం.

అన్నిటికంటే పెద్ద తగవు డప్పు దగ్గర వచ్చింది. పోలేరమ్మ కొలుపు మాదిగ డప్పు లేకుండా జరగదు. మేం కొట్టమన్నారు. కొట్టకపోతే అమ్మకు కోపం వస్తుంది. ఊళ్ళో మశూచి లేచినా గొడ్లు చచ్చినా ఆ నేరం ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. మశూచికి పిల్లల్ని పోగొట్టుకున్న ఊరి భయాన్ని నేను తేలిక చేయను. ఆ రోజుల్లో తల్లులకు ఇంకో అండ లేదు. ఇరుపక్కలా భయం ఉంది, కానీ కర్ర మాత్రం ఒకపక్క చేతిలోనే ఉంది. కరణం, మునసబు తలుచుకుంటే ఏమైనా చేయగలరు. పనిలోంచి తీసేశారు. కొట్టారు. దొంగతనాలు అంటగట్టారు. కొందరు జైలుకు కూడా వెళ్ళి వచ్చారు.

ఇళ్ళలో ఏం జరిగి ఉంటుందో కూడా కాస్త ఆలోచించండి. అన్న బాప్తిస్మం తీసుకున్నాడు, తమ్ముడు తీసుకోలేదు. అన్న వంతు డప్పు కూడా తమ్ముడే మోయాలి. అన్న మానేసిన వెట్టి కూడా తమ్ముడి మీదే పడుతుంది. మేర ఆగిపోతే రెండిళ్ళకీ ఆగుతుంది. నమ్మనివాళ్ళు కూడా నమ్మినవాళ్ళ కోసం చెల్లించారన్నమాట. అన్న సంఘపు పుస్తకంలో ఉన్నాడు. తమ్ముడు ఎక్కడా లేడు.

విశ్వాసానికి మూల్యం అనగానే సెమినరీలో చదువుకున్నవాళ్ళకు జర్మన్ పాస్టరు డీట్రిచ్ బోన్‌హోఫర్ గుర్తొస్తారు. 1937లో క్రీస్తు శిష్యరికం గురించి పుస్తకం రాశారు. 1939లో న్యూయార్క్‌లో క్షేమంగా ఉండిపోయే అవకాశం ఉన్నా జర్మనీకి తిరిగి వెళ్ళారు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో ఆయన్ని ఉరితీశారు. మనకు ఇంకా దగ్గరలో, 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ నిద్రపోతున్న ఆయన ఇద్దరు కొడుకులనూ వాహనంలోనే తగలబెట్టారు. ఆ మరణాల ముందు నేను తలవంచుతాను. ఆ ఇద్దరు పిల్లల వయసు తలుచుకుంటే ఇప్పటికీ నోట మాట రాదు. కానీ అలాంటి మరణాలే చెప్పుకుంటూ పోవడం వల్ల మనకు ఒక చూపు అలవాటైంది. ప్రాణం పోతేనే మూల్యం, మిగిలినవన్నీ చిల్లర అనుకుంటాం. ప్రాణం ఒక్కసారే పోతుంది. మేర గింజలు ప్రతి కోతకూ పోతాయి. బోన్‌హోఫర్‌కు వెళ్ళడానికి ఒక న్యూయార్క్ ఉండేది, అయినా వెనక్కి వచ్చారు, అదే ఆయన గొప్పతనం. తాళ్లకొండపాడు మనుషులకు వెళ్ళడానికి ఇంకో ఊరు లేదు. తమను కొట్టినవాడి చేలోకే మర్నాడు పనికి వెళ్ళాలి.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కవేసుకోవాలని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పారు. వాళ్ళు లెక్క వేసుకునే వచ్చారు. ఆ లెక్కను రాసిపెట్టుకోనిది మనం.

కూటి కోసం మతం మారారన్న మాట మన గురించి ఇప్పటికీ వినబడుతుంది. అన్నవాళ్ళను చూపించి కోప్పడటం కంటే, తేదీలు చెప్పడం మంచిదనుకుంటాను. పెద్ద కరువు వచ్చింది 1876లో. 1878 దాకా నడిచింది. ఒంగోలు ప్రాంతంలో జనం ఆకులూ దుంపలూ తిన్నారు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. ఆ నెలల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళందరినీ ఆపారు, ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు పనులు ముగిశాక, 1878లో, అడిగినవాళ్ళకు ఇవ్వడం మొదలుపెట్టారు. జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఆరుగురు తెలుగు బోధకులు వంతులు వేసుకుని, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి ఇచ్చారు. ఈ అంకె మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం 2,222 కంటే 28 పెద్ద అంకెగా కనబడుతుంది. కరువుకు తొమ్మిదేళ్ళ ముందు, కాలువ లేదు, కూలి లేదు, ఇస్తామన్నవాళ్ళు లేరు. ఆ 28 మంది లేని కూడు కోసం రాలేదు. ఉన్న కూడు వదులుకుని వచ్చారు.

వచ్చిన మేలు లేదనను. అక్షరం వచ్చింది. ఆసుపత్రి వచ్చింది. తన పేరు చివర అయ్య అనిపించుకునే హక్కు వచ్చింది. నేను ఈ వేదిక మీద నిలబడి మాట్లాడుతున్నానంటే అది ఆ మేలే. అయితే మేలు అందుకున్నది మనుమలు, మునిమనుమలు. వెల కట్టింది తాతలు.

అగ్రకులాల నుంచి వచ్చినవాళ్ళూ చెల్లించారు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తన పాడకుండా మనకు పండుగ గడవదు. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. కులం ఆయన్ని బయట పెట్టింది. భార్య కూడా మొదట్లో వెంట రాలేదు, తర్వాత వచ్చారు. ఆ కీర్తనల్లోని ఒంటరితనం ఊరికే రాలేదు.

అలా కులం పోగొట్టుకున్నవాళ్ళను చూసి కంపెనీ ప్రభుత్వం 1850లో 21వ చట్టం చేసింది. మతం మారినంత మాత్రాన, కులం వెలివేసినంత మాత్రాన, తండ్రి ఆస్తిలో వాటా పోదని ఆ చట్టం చెప్పింది. సరిగ్గా నూరేళ్ళకు, 1950 ఆగస్టు 10న, షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది. దాని మూడో పేరా ప్రకారం హిందూమతం కాక వేరే మతం అవలంబించే మనిషిని షెడ్యూల్డు కులస్థుడిగా పరిగణించరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో కలిపారు. క్రైస్తవులనూ ముస్లింలనూ కలపలేదు. ఈ రెండు ఏళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడండి. తండ్రి దగ్గర ఆస్తి ఉండి మతం మారినవాడికి చట్టం అండ 1850లోనే దొరికింది. తండ్రి దగ్గర ఏమీ లేక, రాజ్యాంగం ఇచ్చిన రక్షణ ఒక్కటే ఆస్తిగా ఉన్నవాడు మతం మారితే ఆ ఒక్కటీ పోతుంది.

మన రాష్ట్రాల్లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవాళ్ళను వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపుకు ఉన్నది ఒక్క శాతం. ఆ మనిషిని కులం పేరు పెట్టి తిట్టినా, కొట్టినా 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం అక్కరకు రాదు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో ఇదే మాట మళ్ళీ చెప్పింది. తిట్టేవాడు మాత్రం బాప్తిస్మం అయిందా అని అడిగి తిట్టడు.

క్రైస్తవంలో కులం లేదు గనుక ఈ రక్షణ అక్కర్లేదని ఒక వాదం ఉంది. బౌద్ధంలోనూ కులం లేదు. అయినా 1990లో బౌద్ధుల్ని కలిపారు, కలపడం న్యాయమే. మతం మారిన రోజున మాదిగపల్లె లేచి వెళ్ళి ఊరి నడుమ కూర్చోదని పార్లమెంటుకు తెలుసు కాబట్టే కలిపారు. ఇంకో మాట మన సొంత అన్నదమ్ముల నుంచి వస్తుంది. ఉన్న వాటాలోకి ఇంకొందరు వస్తే మా పిల్లల సంగతేమిటని హిందువులుగా ఉన్న దళితులు అడుగుతారు. అది అసూయతో అడిగే మాట కాదు. వాటా పెంచకుండా పేర్లు కలిపితే పేదవాడి విస్తరిలోంచి తీసి పేదవాడికే పెట్టడం అవుతుంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మన పక్షాన సిఫారసు చేసింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ఉత్తర్వులో అక్షరం మారలేదు.

ఈ ఉత్తర్వు ఒక ఇంట్లోకి వస్తే ఎలా ఉంటుందో చెబుతాను. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. ఆ రోజు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను.

అమ్మాయికి ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చాయి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు కులధ్రువీకరణ పత్రం కావాలి. విచారణకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఆర్.ఐ., వస్తున్నాడని పొద్దున్నే కబురు వచ్చింది. తల్లి లేచి గోడ మీది క్యాలెండరు తీసింది. కొత్త సంవత్సరం ఆరాధన తర్వాత సంఘంలో పంచిన క్యాలెండరు, మీద ఆ ఏటి వాగ్దానం అచ్చయి ఉంది. దాన్ని చుట్టచుట్టి ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టింది. బైబిలు, పాటల పుస్తకం కూడా అందులోనే పెట్టింది. తలుపు మీద అతికించిన సిలువ స్టిక్కరు గోటితో గీకితే సగమే ఊడింది. మిగతా సగం మీద తడిబట్ట పెట్టి రుద్దుతూనే ఉంది. తండ్రి ఆ సంఘంలో పెద్ద. బయట మంచం మీద తల వంచుకుని కూర్చున్నాడు. అమ్మాయి గడపలో నిలబడి అమ్మ చేతులనే చూస్తోంది.

ఆర్.ఐ. చెడ్డవాడు కాడు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, “చర్చికి పోతారా?” అని అడిగాడు.

“పండగలకు పోతామండి. అందరూ పోతారు గదండీ” అన్నాడు తండ్రి.

ఆర్.ఐ. రాసుకున్నాడు. పత్రం వచ్చింది. అమ్మాయికి సీటు వచ్చింది. ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం సంఘంలో ప్రభువు బల్ల ఉంది. తండ్రి రొట్టె పళ్ళెం పట్టుకుని వరస వరసకూ అందించాడు. తన వంతు వచ్చేసరికి తీసుకోలేదు. పాస్టరుగారు చూసి ఊరుకున్నారు. చాలా నెలలు అలాగే జరిగింది.

ఆ తండ్రిని చూసి పేతురు గుర్తొచ్చాడని ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. పేతురు తన ప్రాణానికి భయపడి ప్రభువును ఎరగనన్నాడు. ఈ తండ్రికి తనకంటూ భయపడవలసింది ఏమీ లేదు. ఆయన ముందు రెండు కాగితాలున్నాయి. ఒకదాని మీద నిజం రాస్తే కూతురి చదువు పోతుంది. రెండోదాని మీద సంతకం చేస్తే తన మాట పోతుంది. ఆయన తన మాట పోగొట్టుకున్నాడు. అది కూడా విశ్వాసానికి చెల్లించిన మూల్యమేనని నేను నమ్ముతున్నాను. నమ్మకం లేనివాడైతే ఆ పళ్ళెం ముందు చేయి వెనక్కి తీసుకునేవాడు కాడు. ఇలాంటివాళ్ళను దొంగ హిందువులని ఒకరు, దొంగ క్రైస్తవులని మరొకరు అంటారు. ఇద్దరూ ఆ ఇంటి గడప తొక్కి చూసినవాళ్ళు కారు. దొంగతనం ఉంటే, నిజం చెప్పడానికి పేదవాడి దగ్గర మాత్రమే ధర అడిగే ఆ మూడో పేరాలో ఉంది.

ఇంతవరకూ బయటివాళ్ళు పెట్టిన ఖర్చు చెప్పాను. మనం పెట్టిన ఖర్చు కూడా చెప్పాలి. గుర్రం జాషువాగారు 1895లో వినుకొండలో పుట్టారు. పురాణకథలు తీసుకుని కావ్యాలు రాస్తున్నారని క్రైస్తవులే ఆయన్ని వెలివేశారు. అటు సభల్లో పండితులు కులం అడిగి అవమానించారు. రెండు గుమ్మాలూ మూసినా ఆయన ‘క్రీస్తు చరిత్ర’ రాశారు. దానికి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అవార్డు వచ్చాక మన కవి అన్నాం. ఇప్పుడు విగ్రహాలకు దండలు వేస్తున్నాం. ఆ దండలు వేసే చేతులతోనే పెళ్ళి సంబంధాలకు ముందు ఇంటిపేరు అడిగి, మాలా మాదిగా అని ఆరా తీస్తున్నాం. చాలా ఊళ్ళలో సంఘాలే కులం ప్రకారం విడిపోయి ఉన్నాయి. ఊరు వదులుకోలేని కులాన్ని సంఘం కూడా వదులుకోలేకపోతే, డప్పు వదిలి దెబ్బలు తిన్నవాళ్ళు దేనికోసం తిన్నట్టు? ఈ ప్రశ్నకు నా దగ్గర మెత్తటి జవాబు లేదు.

పంచుకోవడం తెలిసిన రోజులు మనకూ ఉన్నాయి. అజరయ్యగారు తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, పల్లెల్లో తిరిగారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. తెలుగు పల్లె సంఘాలు కానుకల మీద నిలబడగలవని నమ్మిన మనిషి. తల్లులు పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం చాటలో పోసుకుని, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ కుండ సంఘానికి తెచ్చేవారు. పిడికెడు బియ్యం అని ఇప్పటికీ పెద్దవాళ్ళ నోట వినబడుతుంది. మా ఇంట్లో ఆ కుండ నేను చూశాను. పిల్లలకు గంజి పలచనైన రోజున కూడా ఆ పిడికెడు తగ్గేది కాదు. ఆ బియ్యం తిని పల్లెబడి పంతుళ్ళు పాఠం చెప్పారు. నా పలక మీద మొదటి అక్షరం దిద్దించినది అలాంటి పంతులుగారే.

అందుకే ఈ సభను కొన్ని అడుగుతున్నాను. పాస్టర్లను అడుగుతున్నాను: పత్రం కోసం తల వంచిన ఇంటిని బల్ల దగ్గర దూరం పెట్టకండి. వేదిక మీద నుంచి ఎత్తిపొడవకండి. ఆ తండ్రి పక్కన కూర్చుని రొట్టె మీ చేత్తో అందించండి. హైదరాబాదులోనూ డల్లాస్‌లోనూ స్థిరపడిన మన పిల్లలను అడుగుతున్నాను: మీరు పంపే డబ్బుతో మందిరాలకు పాలరాయి వేయించాం, సౌండు పెట్టెలు కొన్నాం, ఇక చాలు. కాగితం మీద క్రైస్తవులమని నిజం రాసినందుకు సీటు పోగొట్టుకున్న పిల్లల ఫీజు కట్టండి. నిజం చెప్పినందుకు ఆ పిల్లలు మాత్రమే ఎందుకు చెల్లించాలి? సంఘపెద్దలను అడుగుతున్నాను: మూడో పేరా మీద పోరాటాన్ని కోర్టులకూ ఎన్నికలకూ వదిలేయకండి. హిందువులుగా ఉన్న మన అన్నదమ్ముల ఇళ్ళకు వెళ్ళి, వాటా పెంచమని ఇద్దరం కలిసి అడుగుదాం రమ్మని పిలవండి. పేరయ్యగారి కాలంలో వాళ్ళు మన వంతు డప్పు మోశారు. ఆ బాకీ ఇంకా ఉంది.

చివరి కోరిక యువతీయువకులకు. మీ పల్లెల్లో ఎనభై దాటిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు తమ తాతల నోట విన్నవి ఇప్పుడు రాసుకోకపోతే ఇక దొరకవు. ఫోను తీసుకుని వాళ్ళ దగ్గర కూర్చోండి. మేర ఎవరికి ఆగింది, జైలుకు ఎవరు వెళ్ళారు, ఏ పెళ్ళి చెడింది, ఏ తల్లి బొట్టు తీసి పుట్టింటికి దూరమైంది, అన్నీ అడగండి. బాప్తిస్మం తీసుకోకపోయినా దెబ్బలు తిన్న తమ్ముళ్ళ పేర్లు కూడా అడగండి. ప్రతి సంఘంలో బాప్తిస్మాల పుస్తకం ఉంది, పెళ్ళిళ్ళ పుస్తకం ఉంది, కానుకల పుస్తకం పైసలతో సహా ఉంది. వాటి పక్కన ఈ పుస్తకం కూడా పెట్టండి. మనిషి పేరు, ఊరు, ఏం పోయింది, అప్పుడు ఎవరు ఆదుకున్నారు అని నాలుగు గడులు గీయండి. నాలుగో గడిలో రాయడానికి ఎవరూ లేకపోతే దాన్ని ఖాళీగానే ఉంచండి. సంఘం పేరు అక్కడ రాయకండి.